గర్భాన్ని ఆపే టీకా: జంతువుల అండాశయాలు నేర్పిన పాఠం

(అనుమసముద్రంపేటలో జరిగిన దంపతుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కయ్యల్లో పని మానుకొని, జీవాలను పక్కవాళ్ళకు అప్పగించి వచ్చారు. కాబట్టి మీ పొద్దు వృథా చేయకుండా నేరుగా సంగతికి వస్తాను. ఈరోజు నేను చెప్పబోయేది ఒక పుకారు గురించి. ఆ పుకారు వెనక దాగి ఉన్న ఒక నిజం గురించి కూడా.

నిరుడు కార్తీకం వానల్లో జీవాలు మేపుకొనే ఒక అబ్బాయి తన భార్యను వెంటబెట్టుకొని పరీక్షకు వచ్చాడు. ఆమెకు ఐదో నెల. నర్సమ్మ ధనుర్వాతం సూది సిద్ధం చేసింది. ఆ అమ్మాయి చెయ్యి వెనక్కు తీసుకొంది. భర్త అన్నాడు: "వద్దులే మేడమ్. ఆ సూదిలో ఇంకో మందు కలిపి ఇస్తారంట. ఈ కాన్పుతో సరి, మళ్ళీ పిల్లలు పుట్టరంట. లోపల గుడ్లు ఎండిపోతాయంట."

నేను నవ్వాను. "అదంతా అబద్ధం. ఎవరో చెప్పిన మాటలు నమ్ముతావా?" అన్నాను. వాళ్ళు ఏమీ మాట్లాడలేదు. సూది వేయించుకోకుండానే వెళ్ళిపోయారు.

వారం తర్వాత నేనే వాళ్ళ ఊరికి పోయాను. అరుగు మీద ఆ అమ్మాయి అత్తగారు కూర్చొని ఉంది. "ఏమ్మా, అబద్ధం అంటివే! అట్టాంటి టీకా ఉందని మా మనవడు ఫోనులో చూపించాడు. కుందేళ్ళకు వేస్తే గుడ్ల సంచులు పాడైపోయినాయంట. చదువుకున్నదానివి, నీకు తెలియక అట్టా చెప్పినావా, తెలిసే దాచినావా?" అని అడిగింది.

నాకు తల కొట్టేసినట్టయింది. ఎందుకంటే ఆమె చెప్పిన దాంట్లో సగం నిజం ఉంది. అట్టాంటి టీకా మీద పరిశోధన జరిగిన మాట నిజం. కుందేళ్ళ సంగతీ నిజమే. అయితే ఆ టీకా వేరు, గర్భిణికి వేసే ధనుర్వాతం టీకా వేరు. ఆ తేడా విడమరచి చెప్పకుండా నవ్వి పంపించడం నా తప్పు. ఆ రోజు ఆ అరుగు మీద కూర్చొని చెప్పిన విషయాలే ఇప్పుడు మీ అందరికీ చెబుతున్నాను.

టీకా ఎట్టా పనిచేస్తుంది?

మన పక్క గొర్రెలకు చిటుక రోగం రాకుండా టీకా వేయిస్తాం గదా. పశువులకు గాలికుంటు రాకుండా వేయిస్తాం. ఆ టీకాలో ఉండేది రోగం కాదు, రోగపు ఆనవాలు మాత్రమే. ఆ ఆనవాలును చూసి ఒంట్లోని రక్షక వ్యవస్థ దానికి సరిగ్గా సరిపోయే పదార్థాలను తయారుచేస్తుంది. వీటినే ప్రతిరక్షకాలు, ఇంగ్లీషు మాటలో యాంటీబాడీలు అంటారు. ఒక్కొక్క ప్రతిరక్షకం ఒక్కొక్క ఆనవాలుకే అతుక్కొంటుంది. తాళానికి తాళంచెవి ఎట్టాగో ఇదీ అట్టాగే. రేపు నిజంగా రోగక్రిమి వస్తే దాన్ని పట్టుకొని కదలనీయవు.

శాస్త్రజ్ఞులకు ఒక ఆలోచన వచ్చింది. రోగక్రిమిని పట్టుకొనే ప్రతిరక్షకాల చేత అండాన్నో, వీర్యకణాన్నో, గర్భం నిలవడానికి కావలసిన ఇంకొక పదార్థాన్నో పట్టిస్తే ఎట్టా ఉంటుంది? ఆపరేషన్ అక్కరలేదు, రోజూ మాత్ర అక్కరలేదు. ఒక టీకాతో కొంతకాలం గర్భం ఆగుతుంది గదా! ఆలోచన మంచిదే. అయితే ఒంటికి రక్షణగా ఉన్న సైన్యాన్ని ఒంటి మీదికే తిప్పడం అంత తేలికైన పని కాదు. ఆ సంగతి జంతువుల మీద చేసిన పరీక్షలు చెప్పాయి.

అండాశయం అంటే ఏమిటి?

ముందు అండాశయం గురించి నాలుగు మాటలు. స్త్రీ గర్భసంచికి రెండు పక్కలా బాదంకాయంత అండాశయాలు రెండు ఉంటాయి. అవి రెండు పనులు చేస్తాయి. ఒకటి, నెలకొక అండాన్ని పండించి వదలడం. రెండు, స్త్రీత్వానికి కావలసిన హార్మోనులను తయారుచేయడం. నెలసరి సక్రమంగా రావడం, ఎముకలు గట్టిగా ఉండడం, అన్నీ ఆ హార్మోనుల చలవే.

ఇంకొక ముఖ్యమైన విషయం. ఆడబిడ్డ పుట్టేటప్పటికే ఆమె అండాశయాల్లో సుమారు 10 నుంచి 20 లక్షల అండాలు ఉంటాయి. పెద్దమనిషి అయ్యేనాటికి అవి 3, 4 లక్షలకు తగ్గుతాయి. జీవితం మొత్తంలో పండి విడుదలయ్యేవి 400, 500 మాత్రమే. మిగిలినవి వాటంతట అవే కరిగిపోతాయి. పుట్టిన తర్వాత కొత్తగా అండాలు తయారు కావు. పురుషుడి సంగతి వేరు, వీర్యకణాలు ఎప్పటికప్పుడు తయారవుతూనే ఉంటాయి. స్త్రీ అండాశయం మాత్రం విత్తనపు గాదె లాంటిది. ఖాళీ అయితే మళ్ళీ నిండదు. అందుచేత దాని జోలికి పోయే ఏ మందునైనా వందసార్లు పరీక్షించాలి.

ప్రతి అండం చుట్టూ ఒక పొర ఉంటుంది. తాటిముంజ మీద తెల్లగా, పల్చగా పొర ఉంటుందే, అట్టా అనుకోండి. దాని పేరు జోనా పెల్లూసిడా. వీర్యకణం ముందు ఈ పొరకు అతుక్కొని, దాన్ని దాటుకొని లోపలికి పోతేనే పిండం ఏర్పడుతుంది. ఈ పొరకు ప్రతిరక్షకాలు ముందే అతుక్కొని ఉంటే వీర్యకణానికి చోటు దొరకదు. గర్భం నిలవదు. ఈ లెక్కమీదే జోనా టీకా తయారయింది. పందుల అండాశయాలనుంచి ఈ పొరను తీసి, శుద్ధిచేసి, ఇతర జంతువులకు టీకాగా వేశారు.

జంతువుల్లో ఏం జరిగింది?

గర్భం ఆగిన మాట నిజం. అమెరికాలో అసాటీగ్ అనే దీవిలో అడవి గుర్రాలు పెరిగిపోతుంటే 1988లో ఈ టీకాను దూరంనుంచి బాణం లాంటి సూదితో వేసి చూశారు. ఆడగుర్రాలు చూలు కట్టలేదు. టీకా ఆపితే తిరిగి ఈనాయి. దక్షిణాఫ్రికాలోని క్రూగర్ అడవిలో 1996లో ఆడ ఏనుగుల మీద పరీక్షించారు. అక్కడా గర్భాలు తగ్గాయి. వాటిని చంపకుండా మందను అదుపులో పెట్టడానికి ఒక దారి దొరికింది.

అయితే అన్ని జంతువుల్లోనూ కథ ఇంత సుఖంగా ముగియలేదు. 1980ల మొదట్లో కుందేళ్ళకు ఈ టీకా వేసి, తర్వాత వాటి అండాశయాలను పరిశీలించారు. లోపల పెరిగే అండపుటికలు, అంటే అండం పండే చిన్న చిన్న తిత్తులు, బాగా తగ్గిపోయి ఉన్నాయి. హార్మోనుల తయారీ కూడా దెబ్బతిన్నది. అత్తగారి మనవడు ఫోనులో చూసింది ఇదే. ఆడకుక్కల్లో కొన్నిటికి ఎద క్రమం తప్పింది, అండాశయాల్లో నీటితిత్తులు కనిపించాయి. గుర్రాల్లో కూడా ఏళ్ళ తరబడి వరుసగా టీకా వేసిన కొన్నిటిలో అండాల విడుదల మందగించింది, మళ్ళీ చూలు నిలవడం ఆలస్యమయింది.

దీనికి కారణం ఏమిటి? వీర్యకణాన్ని ఆపడానికి విడుదలైన అండం మీది పొరను పట్టుకొంటే చాలు. కానీ ఆ పొర అండాశయం లోపల ఇంకా పెరుగుతున్న అండాల చుట్టూ కూడా ఉంటుంది. ఒంట్లో సైన్యాన్ని లేపిన తర్వాత అది వాకిట్లోనే నిలబడదు, గాదెలోకి కూడా దూరుతుంది.

ఎలుకల మీద పరీక్షలు ఇంకొంత విషయం బయటపెట్టాయి. 1992లో శాస్త్రజ్ఞులు ఆడ ఎలుకలకు ఈ పొరలోని ఒక చిన్న ముక్కను టీకాగా వేశారు. వాటి అండాశయాలు వాచి చెడిపోయాయి. ఆ చెడు చేసింది ప్రతిరక్షకాలు కావు. రక్షక వ్యవస్థలోనే ఇంకొక రకం సైనికులు ఉన్నారు. వాటి పేరు టి-కణాలు. టీకా వేసిన ఎలుకల టి-కణాలను మాత్రమే తీసి ఆరోగ్యంగా ఉన్న ఎలుకలకు ఎక్కిస్తే, వాటి అండాశయాలు కూడా చెడిపోయాయి. దోషి ఎవరో తేలింది. 1995 నాటికి టి-కణాలను రెచ్చగొట్టకుండా ప్రతిరక్షకాలను మాత్రమే పుట్టించే విధంగా ఆ ముక్కను మార్చి చూశారు. ఆ ఎలుకల్లో గర్భం ఆగింది, తర్వాత తిరిగి వచ్చింది, అండాశయాలు బాగున్నాయి.

మన దేశంలో ఢిల్లీలోని జాతీయ ఇమ్యునాలజీ సంస్థలో కూడా ఈ పని జరిగింది. మన దక్షిణాది కోతులకే జోనా టీకా వేసి చూసి, 1994లో ఫలితాలు ప్రకటించారు. ప్రతిరక్షకాలు ఎక్కువగా ఉన్నంతకాలం గర్భం ఆగింది. అవి తగ్గాక మళ్ళీ నిలిచింది.

చూశారా, ఒకే టీకా గుర్రంలో ఒక రకంగా, కుందేలులో ఇంకొక రకంగా పనిచేసింది. గుర్రానికి సరిపోయింది గదా అని మనిషికి వేయడానికి వీల్లేదు. అందుచేతనే అండం పొర మీద పనిచేసే టీకాను ఏ ఆరోగ్య కేంద్రంలోనూ స్త్రీలకు ఇవ్వడం లేదు. అంతెందుకు, మన దేశంలో వీధికుక్కల సంఖ్యను తగ్గించడానికి ఈనాటికీ ఆపరేషన్ పద్ధతినే వాడుతున్నారు. తెలంగాణలో కోతుల కోసం 2020లో నిర్మల్ దగ్గర పెట్టిన కేంద్రంలోనూ కోతులకు చేసేది ఆపరేషనే.

మరి ధనుర్వాతం సూది మాట ఎందుకు వచ్చింది?

ఇక్కడే అసలు ముడి ఉంది. జాగ్రత్తగా వినండి.

అదే ఢిల్లీ సంస్థలో జి.పి. తల్వార్ అనే శాస్త్రజ్ఞుడు ఇంకొక దారి పట్టాడు. అండాశయం జోలికి పోకుండా గర్భాన్ని ఆపాలని ఆయన ఉద్దేశం. గర్భం నిలిచిన తొలి రోజుల్లోనే పిండం హెచ్.సి.జి. అనే హార్మోనును విడుదల చేస్తుంది. మూత్ర పరీక్షలో గర్భం ఉందో లేదో చూసేది దీంతోనే. ఈ హార్మోను లేకపోతే గర్భం నిలబడదు. దీనికి ప్రతిరక్షకాలు పుట్టిస్తే సరి అనుకొన్నారు. కానీ మన ఒంట్లో పుట్టే పదార్థం మీద మన ఒళ్ళు తిరగబడదు గదా. అందుకని ఆ హార్మోను ముక్కను ధనుర్వాతం టీకాలోని పదార్థానికి జతచేశారు. ధనుర్వాతపు ముక్క పరాయిది కాబట్టి దాన్ని చూసి రక్షక వ్యవస్థ మేలుకొంటుంది, పక్కనున్న ముక్కను కూడా పట్టుకొంటుంది.

దీన్ని 148 మంది స్త్రీలు అన్నీ తెలుసుకొని, ఒప్పుకొని వేయించుకొన్నారు. 1994లో ఫలితాలు వచ్చాయి. 119 మందిలో ప్రతిరక్షకాలు సరిపడినంత పుట్టాయి. అవి సరిపడినంత ఉన్న 1,224 నెలసరుల్లో ఒక్క గర్భమే వచ్చింది. వాళ్ళ అండాశయాలు మామూలుగానే పనిచేశాయి, నెలసరి తప్పలేదు. ప్రతిరక్షకాలు తగ్గిన తర్వాత మళ్ళీ గర్భం ధరించగలిగారు. అయితే సుమారు అయిదుగురిలో ఒకరికి ప్రతిరక్షకాలు చాలినంత పుట్టలేదు. పుట్టినవాళ్ళలోనూ ఎక్కువకాలం నిలవడానికి మళ్ళీ మళ్ళీ టీకా వేయవలసి వచ్చింది. అందుచేత అది పరిశోధనగానే ఉంది. కుటుంబ సంక్షేమ కార్యక్రమంలో చేరలేదు.

ఆ టీకాలో ధనుర్వాతపు ముక్క ఉంది కాబట్టి, ధనుర్వాతం టీకాలో ఆ హార్మోను ఉందని కొందరు మాట తిరగేశారు. 1990లలో మెక్సికోలో, ఫిలిప్పీన్స్‌లో ఈ పుకారు లేచింది. 2014లో కెన్యాలో లేచింది. ఇప్పుడు మన పల్లెకు వచ్చింది. పులుసులో చింతపండు ఉందని, చింతపండులో పులుసు ఉందంటామా?

మీకు ఇంకొక రుజువు మీ వీధిలోనే ఉంది. మొదటి కాన్పులో ధనుర్వాతం సూది వేయించుకొన్న తల్లులను లెక్కపెట్టండి. వాళ్ళకు రెండో బిడ్డ పుట్టిందా, లేదా? మీరే చెప్పండి.

ఈ సూది మానేస్తే వచ్చే ప్రమాదం మాత్రం పుకారు కాదు. బొడ్డు కోసిన చోట ధనుర్వాతపు క్రిమి చేరితే పసిబిడ్డ పాలు తాగలేదు, ఒళ్ళు విల్లులా వంగిపోతుంది, ఎక్కువమంది బతకరు. మన పెద్దలు చూసిన చావులే ఇవి. గర్భిణులకు టీకాలు, ఆసుపత్రి కాన్పుల వల్లనే 2015 నాటికి మన దేశం ఈ జబ్బును దాదాపుగా తుడిచిపెట్టగలిగింది. ఇప్పుడు వేసే టీకాకు టీడీ అని పేరు. అందులో ధనుర్వాతానికీ, కంఠసర్పికీ రక్షణ ఉంటుంది. వేరే ఏమీ లేదు.

అడగడం మీ హక్కు

ఆ అత్తగారు నన్ను నిలదీసిందని నాకు కోపం రాలేదు. ఆమె అడిగింది న్యాయమే. అడగకపోతే ఏమవుతుందో మన తెలుగునేల మీదే జరిగింది. 1985లో హైదరాబాదు దగ్గరి పటాన్‌చెరు ఆరోగ్య కేంద్రంలో నెట్-ఎన్ అనే గర్భనిరోధక ఇంజెక్షన్‌ను పరీక్షగా ఇవ్వబోయారు. అది హార్మోను మందు, ప్రతిరక్షకాల టీకా కాదు. అది ఇంకా పరీక్షలో ఉన్న మందు అన్న సంగతి అక్కడికి వచ్చిన స్త్రీలకు సరిగా తెలియదని స్త్రీ శక్తి సంఘటన వారు ప్రశ్నించారు. 1986లో ఇతర సంఘాలతో కలిసి సుప్రీంకోర్టుకు వెళ్ళారు. ఈనాడు ఏ కొత్త మందు పరీక్షలోనైనా మనిషిని చేర్చుకోవాలంటే విషయం వివరించి, రాతపూర్వకంగా ఒప్పుదల తీసుకొని తీరాలి. 2019 నాటి నిబంధనలు ఈ మాటే చెబుతున్నాయి.

కాబట్టి ఏ సూది వేయించుకొనే ముందైనా, ఏ మాత్ర మింగే ముందైనా ఈ ఐదు ప్రశ్నలు అడగండి:

1. ఈ మందు పేరేమిటి? దేనికోసం ఇస్తున్నారు?
2. ఇది టీకానా, హార్మోను మందా?
3. ఎంతకాలం పనిచేస్తుంది?
4. మానేస్తే మళ్ళీ పిల్లలు పుడతారా? ఎన్నాళ్ళకు?
5. ఇది అందరికీ ఇచ్చేదేనా, ఇంకా పరీక్షలో ఉన్నదా?

జవాబు చెప్పకుండా నాలాగా నవ్వితే, వదలకండి. మళ్ళీ అడగండి.

ఇప్పుడు దొరికే పద్ధతులు అండాశయాన్ని ఏం చేస్తాయి?

ప్రభుత్వ కేంద్రాల్లో ఉచితంగా ఇచ్చే పద్ధతుల్లో ఒక్కటి కూడా ప్రతిరక్షకాల టీకా కాదు. ఒక్కొక్కదాన్నీ చూద్దాం.

నిరోధ్: వీర్యకణాన్ని బయటే ఆపుతుంది. భార్య అండాశయానికి దీంతో సంబంధమే లేదు. సుఖవ్యాధులనుంచి కూడా కాపాడుతుంది.

మగవారి ఆపరేషన్: కోత, కుట్టు లేని వేసెక్టమీ. వీర్యకణాలు వచ్చే నాళాన్ని మాత్రమే మూస్తారు. మగతనం తగ్గదు, పనిచేసే సత్తువ తగ్గదు. మూడు నెలల వరకు నిరోధ్ వాడాలి, తర్వాత వీర్య పరీక్ష చేయించుకోవాలి. అయ్యలారా, ఆడవాళ్ళ ఆపరేషన్ కంటే ఇది చిన్నది. ఈ మాట మీకోసమే చెబుతున్నాను.

కాపర్-టి: గర్భసంచిలో ఉంటుంది. ఒక రకం ఐదేళ్ళు, ఇంకొక రకం పదేళ్ళు పనిచేస్తుంది. అండాశయం తన పని తాను చేసుకొంటుంది. మొదట్లో నెలసరి కొంచెం ఎక్కువగా కావచ్చు.

మాలా-ఎన్ మాత్రలు: రోజుకొకటి. అండాశయానికి విశ్రాంతి ఇస్తాయి, చెడగొట్టవు. మానేస్తే మళ్ళీ అండాలు విడుదల అవుతాయి. పాలిచ్చే తల్లులు, రక్తపోటు ఉన్నవాళ్ళు డాక్టరును అడగకుండా వాడరాదు.

ఛాయ మాత్రలు: మన లక్నో శాస్త్రజ్ఞులు కనిపెట్టినవి. వీటిలో హార్మోను లేదు. మొదటి మూడు నెలలు వారానికి రెండు, తర్వాత వారానికి ఒకటి. కొందరికి నెలసరి ఆలస్యం కావచ్చు.

అంతర సూది: మూడు నెలలకు ఒకసారి. ఇది హార్మోను మందు. అండాల విడుదలను కొంతకాలం ఆపుతుంది. నెలసరి క్రమం తప్పవచ్చు, కొందరికి ఆగిపోవచ్చు. దానర్థం గుడ్లు ఎండిపోయాయని కాదు. ఆఖరి సూది వేసిన తర్వాత మళ్ళీ గర్భం రావడానికి 7 నుంచి 10 నెలలు పట్టవచ్చు. తొందరలో బిడ్డ కావాలనుకొనేవారు ఈ మాట ముందే తెలుసుకోవాలి.

ఆడవారి ఆపరేషన్: అండం ప్రయాణించే నాళాలను మూస్తారు. అండాశయాలను తీయరు. నెలసరి మామూలుగానే వస్తుంది. ఇక పిల్లలు వద్దని భార్యాభర్తలిద్దరూ గట్టిగా నిశ్చయించుకొన్న తర్వాతే చేయించుకోవాలి.

చివరి మాట

ఆ రోజు అరుగు మీద ఇదంతా చెప్పేసరికి పొద్దు గూకింది. అత్తగారు చాలాసేపు ఆలోచించింది. "అట్టా అయితే కుందేళ్ళ సంగతి నిజమే, మా కోడలి సూది సంగతి అబద్ధం. ఈ మాట ఆ రోజే చెప్పి ఉంటే మేము తిరిగి పోయేవాళ్ళమా?" అన్నది. నాకు జవాబు లేదు. మరుసటి వారం కోడలిని ఆమే వెంటబెట్టుకొని వచ్చింది. నెల తర్వాత రెండో సూదికి కూడా వచ్చారు. మాఘంలో కాన్పు అయింది. తల్లీ బిడ్డా క్షేమం.

ఆ దంపతులు రెండో బిడ్డకు మూడేళ్ళు ఎడం ఉండాలనుకొన్నారు. అన్ని పద్ధతులూ విని, ఆ ఐదు ప్రశ్నలూ అడిగి, కాపర్-టి ఎంచుకొన్నారు. అది వాళ్ళ నిర్ణయం. మీ నిర్ణయం మీది. మీకు తెలియజెప్పడం మా పని.

ఈ కరపత్రాన్ని ఇంటికి తీసుకుపోండి. చదవడం వచ్చినవాళ్ళు రానివాళ్ళకు వినిపించండి. సందేహం ఉంటే ఏ.ఎన్.ఎం.నో, ఆశా కార్యకర్తనో, వైద్యాధికారినో అడగండి. భర్త ఒక్కడే రావడం కాదు, భార్య ఒక్కతే రావడం కాదు, ఇద్దరూ కలిసి రండి.